పడవ అడుగున పసుపు గీత

ఈ మధ్య వైజాగులోని మా పాత ప్రయోగశాల నుంచి ఇద్దరు పిల్లలు ఇంటికి వచ్చారు. కొత్తగా ఉద్యోగంలో చేరారట. "అల్యూమినియం అతుకుల పని మొదట్లో మీరే చూశారటగా మేడమ్, మాకేమైనా చెప్పండి" అన్నారు. చేతిలో మిఠాయి పెట్టె. ఉత్తపుణ్యానికి మిఠాయి ఎవరూ తేరు కాబట్టి వీళ్ళకి ఏం కావాలో అని ఆలోచిస్తూ కాఫీ ఇచ్చాను. పాపం, వాళ్ళకి నిజంగానే ఏమీ అక్కర్లేదు. ఏవో నాలుగు మాటలు చెప్పి పంపేశాను. వాళ్ళు వెళ్ళాక, చెప్పాల్సింది మాత్రం చెప్పలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రమోషన్లు, సెమినార్లు, సన్మానాలు ఇందులో లేవు. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకేలా ఉంటాయి. నా పేరు సుభద్ర. ల్యాబులో నా వెనకాల 'అనుమానాల సుభద్రమ్మ' అనేవారు. నాకు తెలుసు, తెలియనట్టు తిరిగేదాన్ని. కూరగాయలమ్మి తక్కెడని కూడా వంగి చూసే మనిషినని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. చూస్తాను. ఆ తక్కెడ కింద చింతపండు అంటించి ఉండటం నేను కళ్ళారా చూశాను మరి.

అడుగు ముఖం

మామూలు వెల్డింగు మీరు రోడ్డు పక్కన చూసే ఉంటారు. నిప్పురవ్వలు, నల్లద్దాలు, కరిగిన లోహం. అల్యూమినియం ఆ పద్ధతికి అంత తేలిగ్గా లొంగదు. కరిగించి అతికితే లోపల బుడగలు పడతాయి, కొన్ని మిశ్రమాలైతే చల్లారుతూనే పగులుతాయి. తొంభైల్లో బయటి దేశంలో వేరే దారి కనిపెట్టారు. లోహాన్ని కరిగించకుండానే అతకడం. రెండు రేకుల్ని పక్కపక్కన ఆనించి బిగించి, గిరగిరా తిరిగే ఉక్కు పనిముట్టుని ఆ కలిసే గీత మీద అదిమిపట్టి ముందుకి నడిపిస్తారు. దాని కింద పొట్టి మేకు ఒకటి ఉంటుంది. రాపిడికి లోహం మెత్తబడుతుంది, మేకు రెండు వైపుల లోహాన్నీ కలియబెడుతుంది. తెడ్డుతో సంకటి కలిపినట్టే అనుకోండి. తొంభైల చివర్లో మేము ఒక పాత మిల్లింగు యంత్రాన్ని మార్చుకుని ఈ పని మొదలుపెట్టాం.

తెడ్డు అడుగు దాకా వెళ్ళకపోతే ఏమవుతుందో వంటచేసేవాళ్ళకి తెలుసు. పైన నున్నగా ఉంటుంది, అడుగున పిండి ఉండలు మిగులుతాయి. ఇక్కడా అంతే. మేకు రేకు మందం కన్నా ఒక్క వెంట్రుకంత పొట్టిగా ఉండాలి. పొడుగైతే కింద పరిచిన ఉక్కు పలకని గీరేస్తుంది. మరీ పొట్టిదైతే అడుగున రెండు రేకులూ కలవవు, ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయంతే. ఇంగ్లీషులో ఆ లోపానికి ముద్దు అనే మాట కలిపి ఒక పేరు పెట్టారు. ముద్దు పెట్టుకున్నంత మాత్రాన పెళ్ళయిపోతుందా అని మా ల్యాబు కుర్రాళ్ళు నవ్వుకునేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆ లోపం పైనుంచి చూస్తే కనబడదు. రేకుల మధ్య లెక్కకి వచ్చేంత సందు ఉండదు కాబట్టి ఎక్స్‌రేలో కూడా అంతా శుభ్రంగా ఉన్నట్టే వస్తుంది.

దాన్ని పట్టుకోవడానికి నేను నమ్మిన దారి ఒకటే. అతుకుకి అడ్డంగా ఒక పట్టీ కోసి వంచడం. పై ముఖం బయటికి వచ్చేలా వంచితే ఏమీ కాదు. అడుగు ముఖం బయటికి వచ్చేలా వంచితేనే నోరు తెరుస్తుంది. నా ఉద్యోగంలో సగం రోజులు అడుగు ముఖం బయటికి వంచండి బాబూ అని మనుషుల్ని బతిమాలడంతోనే గడిచాయి.

దేని మీదా అనుమానం లేని పెద్దాయన

మా విభాగం పెద్ద రంగనాయకులు గారు. చెడ్డ మనిషి కాదు. నా ప్రసూతి సెలవు దగ్గర పైవాళ్ళు పేచీ పెడితే, ఫైలు పట్టుకుని వెళ్ళి వాళ్ళతో పోట్లాడి వచ్చిన మనిషి. ఆ మేలు నేను మరిచిపోలేదు. కాని ఆయనకి ఫోటో అంటే ప్రాణం, తేదీ అంటే వేదం. ఫలానా రోజుకి అవుతుందని ఒకరికి మాట ఇచ్చారంటే ఇక ఆ పని అయిపోయినట్టే లెక్క. దేని మీదా ఆయనకి అనుమానం ఉండేది కాదు. నాకు ఆయన మీద అనుమానం అక్కడే మొదలైంది.

కొత్తవాళ్ళకి ఒకటి చెబుతాను. పై అధికారి తిడితే భయపడకండి. సభలో మైకు పట్టుకుని "మా సుభద్రగారు ఉన్నారు కదా, ఇంకేం భయం" అన్నాడంటే మాత్రం భయపడండి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఆయన ఒక పడవ ప్రాజెక్టు తెచ్చారు. అరకు దాటి, డుంబ్రిగుడ దాటి, ఒడిశా సరిహద్దు వైపు వెళ్తే కొండల మధ్య ఒక జలాశయం ఉంది. దాని పేరు రాయను. అవతలి గట్టున ఒక గిరిజన గ్రామం. సంత, ఆస్పత్రి, రోడ్డు అన్నీ ఇవతలి గట్టునే. ఆ ఊరివాళ్ళు చెట్టు మాను తొలిచిన దోనెల్లో దాటేవారు. దోనెలో ఒకరి వెనక ఒకరు గొంతుక్కూర్చోవాలి, పడుకోవడానికి వీలుండదు. వాళ్ళకి మన కొత్త పద్ధతిలో అతికిన అల్యూమినియం పడవ ఇస్తాం, నలభై మంది ఎక్కొచ్చు, మంచం కూడా పెట్టొచ్చు అన్నారు రంగనాయకులు గారు.

"రేకులు ఎవరిస్తున్నారు సార్?" అని అడిగాను.

"ఒక కంపెనీవాళ్ళు ఉచితంగా ఇస్తున్నారు."

"ఎందుకిస్తున్నారు?"

"సుభద్రగారూ, మీరు దేవుడు ప్రసాదం ఇచ్చినా ఎందుకిచ్చావని అడుగుతారు" అని నవ్వేశారు.

ఆ కొండల్లో అల్యూమినియం తీసే ఎర్రరాయి ఉంది. బాక్సైటు అంటారు. దాన్ని తవ్వుతారని కొందరు, తవ్వనివ్వమని కొందరు అప్పటికే సంతల్లో, మీటింగుల్లో వాదులాడుకుంటున్నారు. ఆ కంపెనీకీ ఆ కొండలకీ సంబంధం ఉందో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోవడమే నాకు నచ్చలేదు.

మంచి ముక్క

యంత్రం నడిపేవాడు అప్పలనాయుడు. విజయనగరం వైపు మనిషి, చేతిలో పనితనం ఉంది, ముక్కు మీద కోపం కూడా ఉంది. పడవ అడుగు భాగానికి పొడుగాటి రేకులు అతికాడు. పైనుంచి చూస్తే ఆ అతుకులు చాప అల్లినట్టు ముచ్చటగా ఉన్నాయి. పరీక్షకి వేరే ముక్కలు చేసి ఇచ్చాడు. లాగి చూశాం, వంచి చూశాం, ఎక్స్‌రే తీశాం. అన్నీ పాసయ్యాయి. ఒకదానికొకటి తేడా లేకుండా, ఒకే అచ్చులోంచి తీసినట్టు పాసయ్యాయి.

నాకు నిద్ర పట్టకపోవడానికి అది చాలు. నిజమైన పనిలో కొంచెం ఎగుడుదిగుడు ఉంటుంది. అప్పలనాయుడిని పిలిచాను.

"ఈ పరీక్ష ముక్కలు ఏ రేకుతో చేశావు నాయుడూ?"

"మన స్టోరులో ఉన్న రేకుతో మేడంగారూ."

"కంపెనీవాళ్ళు ఇచ్చిన రేకు కాదా?"

"ఆటి మీద గీతలున్నాయండి. పరీచ్చకెల్లే ముక్క కదా, మంచిది ఇయ్యకపోతే బాగోదని మన రేకే తీసినాను. ఏ, తప్పేటి?"

తప్పని అతనికి నిజంగా తోచలేదు. పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు, పరీక్షకి వెళ్ళే ముక్కని ఏరి, తుడిచి పంపాడు. ఇంటికొచ్చిన వాళ్ళకి మంచి గ్లాసులో మంచినీళ్ళిచ్చే మర్యాదే అది. మన దేశంలో ఎన్ని ప్రయోగశాలల్లో ఈ మర్యాద నడుస్తోందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మందం కొలిచే పనిముట్టు తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. కంపెనీ రేకు మా రేకు కన్నా కొంచెం మందంగా ఉంది. మేకు మాత్రం మా రేకుకి తగ్గట్టు చేసినదే. అప్పటికి అడుగు భాగం పడవకి బిగించేశారు. పడవ లోంచి ఒక పట్టీ కోసి వంచి చూద్దామని రంగనాయకులు గారిని అడిగాను.

"తేదీ పెట్టేశామండీ. కొత్త పడవకి కన్నం పెట్టి ఎలా ఇస్తాం? ఎక్స్‌రే బాగుందిగా?"

"ఎక్స్‌రేలో ఇది కనబడదు సార్."

"కనబడనిదాని గురించి మీకెందుకు దిగులు?" అన్నారు. కనబడనిదాని గురించి దిగులు పడమనే కదా నాకు జీతం ఇస్తున్నారు అనబోయి ఊరుకున్నాను.

పరీక్ష కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. అదేం గొప్ప కాదు. సంతకం పెట్టనివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, వాళ్ళ చేతులు శుభ్రంగా ఉంటాయి, పని మాత్రం ఆగదు. ఆయనే సంతకం పెట్టారు. పడవ లారీ ఎక్కింది.

రేవు దగ్గర

ఘాట్ రోడ్డు కుదుపుల్లో ఆ లారీ వెనక జీపులో కూర్చుని, ప్రతి గోతికీ పడవ అడుగు వైపే చూస్తూ వెళ్ళాను. అప్పలనాయుడు నాతో మాట్లాడటం మానేశాడు. తన పనిని అనుమానించానని అతని కోపం.

రేవు అంటే ఇవతలి గట్టున నాలుగు రాళ్ళు, బురద. పడవని దించి, దుంగల మీద బోర్లించారు. అవతలి ఊరివాళ్ళు దోనెల్లో వచ్చారు. వచ్చి దూరంగా నిలబడ్డారు. మమ్మల్ని చూసిన చూపులో స్వాగతం ఏమీ లేదు. సంతలో మోసపోయినవాళ్ళు తూకం రాయిని చూసినట్టు చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ చూసేదే.

ముందుకి వచ్చి మాట్లాడింది గురుబారి ఒక్కతే. ఆవిడ సంతకి పసుపు, చీపుర్లు తెచ్చి అమ్ముతుంది కాబట్టి తెలుగు బాగా వచ్చు. నాకన్నా పెద్దది. మా వైపు అక్కని అప్ప అంటాం, అలాగే పిలిచాను. ఆవిడ పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తట్టింది.

"ఈ రేకు మా కొండ రాయితోనే సేత్తారంట. నిజమేనేటమ్మా?"

"అలాంటి రాయితోనే చేస్తారప్పా."

"మరయితే మా కొండలో ఇంత ముక్క మాకే పడవ సేసి ఇచ్చీసి, మిగిలిందంతా ఒట్టుకుపోతారేటి?"

రంగనాయకులు గారు నా వంక చూశారు. "నాకు తెలియదప్పా. నేను అతుకులు చూసే మనిషిని" అన్నాను. అది నిజమే గాని, ఆవిడ అడిగినదానికి జవాబు కాదు. ఆవిడకీ ఆ సంగతి తెలిసింది.

గురుబారి పక్కనే కోడలు సుక్రి ఉంది. నిండు చూలాలు. దుంగ మీద కూర్చుని కొబ్బరి ముక్క కొరుకుతూ, అందరికన్నా హాయిగా ఉన్నది ఆ పిల్లే. మొగుడు ఎక్కడో రోడ్డు పనికి వెళ్ళాడట. నన్ను దగ్గరికి పిలిచి అడిగింది. "ఇందల కాళ్ళు సాపుకుని పడుకోవచ్చా అమ్మా? దోనెలో ఊపిరాడదు."

"పడుకోవచ్చు" అన్నాను.

"అందుకే మాయత్త ఒచ్చింది. లేకపోతే మీ మొకం సూసీదా?" అని నవ్వింది. గురుబారి కసిరింది గాని, మాట నిజమే. కొండని గురించి ఎంత అనుమానం ఉన్నా, కోడలి కోసం ఆ పడవ ఆవిడకి కావాలి. ఆ రేవులో పడవ అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్నదీ, పడవని అందరికన్నా తక్కువ నమ్మిందీ ఆవిడే.

వాళ్ళలో కొత్త వస్తువు ఏది వాడకంలోకి వచ్చినా, నాగలైనా చేటైనా, ముందు పసుపు కలిపిన ఇప్పనూనె రాస్తారు. గురుబారి, మరో నలుగురు ఆడవాళ్ళు బోర్లించిన పడవ అడుగంతా నూనె పట్టించారు. ముహూర్తం చూసే దిసారి ఏదో చదివాడు. పడవ అప్పగించే సభకి పిలిచిన రాజకీయ నాయకుడు రావడం ఆలస్యమైంది. ఎండలో నూనె అలాగే ఊరింది. ఆఖరికి జీపు చప్పుడు వినబడగానే రంగనాయకులు గారు హడావుడి పడ్డారు. "ఫోటోలో పడవ మెరవాలి, బేగి తుడవండి" అని అప్పలనాయుడి చేత గుడ్డతో శుభ్రంగా తుడిపించారు.

లోహంలో సన్నటి పగుళ్ళు పట్టడానికి మేము ల్యాబులో చేసే పరీక్ష ఒకటి ఉంది. రంగునూనె రాసి, కాసేపు నాననిచ్చి, పైది తుడిచేసి, ఆగి చూస్తాం. పగులు ఉంటే అందులోకి దిగిన రంగు మెల్లగా పైకి ఉబికి గీతలా కనబడుతుంది. అంత బిగువుగా ఆనుకున్న అంచుల్లోకి రంగు దిగదని షెడ్డులో ఆ పరీక్ష చెయ్యలేదు; ఘాట్ రోడ్డు కుదుపులకి అవి కొంచెం తెరుచుకున్నట్టున్నాయి. నాయకుడు మైకులో మాట్లాడుతుండగా, తుడిచిన పడవ అడుగున, అతుకుల వెంట, దారం పరిచినట్టు పసుపు గీతలు లేచాయి.

దగ్గరికి వెళ్ళి కొంగుతో తుడిచాను. పోయింది. కాసేపు నిలబడ్డాను. మళ్ళీ వచ్చింది.

రేకులిచ్చిన కంపెనీని మైకులో మెచ్చుకుని, "ఈ రోజు నుంచి ఈ పడవ మీది" అన్నాడు నాయకుడు. చప్పట్లు కొట్టారు. దండ వేశారు, ఫోటో తీశారు, జీపు వెళ్ళిపోయింది.

కోసిన ముక్క

రంగనాయకులు గారి చెవిలో చెప్పాను. ఆయన వంగి చూసి, "నూనె జిడ్డండీ. నీళ్ళలోకి దింపితే పోతుంది" అన్నారు. మాట మామూలుగానే ఉంది గాని ముఖం తెల్లబోయింది. ఆయనకీ అర్థమైందని నాకు ఆ క్షణమే తెలిసింది.

గురుబారి పడవని చూడటం లేదు, నా ముఖం చూస్తోంది. "ఏటి సూత్తన్నావమ్మా అక్కడ?"

రంగనాయకులు గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ప్రసూతి సెలవు, ఆయన మేలు, అన్నీ ఆ చేతి బరువులో ఉన్నాయి.

"ఎక్కొద్దప్పా. అడుగున అతుకు కలవలేదు" అన్నాను.

వాళ్ళు నాకు దణ్ణం పెడతారనుకున్నానేమో తెలియదు. ఎవరూ పెట్టలేదు. కాసేపు వాళ్ళ భాషలో గట్టిగా వాదించుకున్నారు. అప్పుడు గురుబారి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడే కదా మైకులో బాగుందన్నారు? అంతలోకే బాగోలేదంటావు. ఇచ్చినట్టు పొటో తీసుకుని, ఎనక్కి ఒట్టుకెల్లి ఇంకో ఊరికి ఇచ్చీడానికా?"

ఒళ్ళు మండింది. మరుక్షణం సిగ్గేసింది. నేనైనా అదే అడిగి ఉండేదాన్ని.

"మాట నమ్మకు. కోసి చూపిస్తాను" అన్నాను.

"వీల్లేదు" అన్నారు రంగనాయకులు గారు. "అది ప్రభుత్వం సొత్తు."

గురుబారి ఆయన వైపు తిరిగింది. "మాకు ఇచ్చీనారు కదా బాబూ? మాదే అని ఆ పెద్దమనిషి మైకులో సెప్పీనాడు. మా పడవ మేం కోసుకుంటాం."

ఆయన పెట్టించిన సభే ఆయన చేతులు కట్టేసింది.

"ఎక్కడ కొయ్యాలో నువ్వే చూపించప్పా. నేను చూపిస్తే కావాలని చెడిన చోటు చూపించాననుకుంటారు" అన్నాను. రంపం పడాలి కాబట్టి వెనక అంచు దగ్గర, ఏ అతుకైనా సరే అన్నాను. ఆవిడ చూసి చూసి ఒకచోట బొటనవేలు పెట్టింది. రంపం పట్టుకున్నది అప్పలనాయుడే. "నాను సేసింది నానే కోస్తాను" అన్నాడు. రెండు పట్టీలు కోశాడు. లారీ వెనక ఇనప పట్టెల సందులో ఒకటి ఇరికించి, గొట్టం తొడిగి, పై ముఖం బయటికి వచ్చేలా వంచాడు. ముక్క చెక్కుచెదరలేదు. రంగనాయకులు గారు పెద్దగా ఊపిరి వదిలి, "చూశారా?" అన్నారు. జనం నా వంక చూసిన చూపు జన్మలో మరిచిపోను.

"రెండోది తిరగేసి వంచు నాయుడూ" అన్నాను.

తిరగేసి వంచాడు. సగం కూడా వంగకముందే అడుగు నుంచి చిరిగి, ఎండుకట్టెలా రెండైపోయింది. విరిగిన చోట కింది భాగం నున్నగా, రేకు అసలు అంచు అంచులాగే ఉంది. ఎన్నడూ కలవలేదు. ఆ అంచున ఇప్పనూనె పసుపు.

అప్పలనాయుడు ఆ రెండు ముక్కల్నీ అంచుకి అంచు ఆనించి చూశాడు. "మంచి ముక్క ఇచ్చినాను మేడంగారూ" అన్నాడు.

అందాకా

పడవ వైజాగు తీసుకెళ్ళి, కోసిన చోట మాటు వేసి, అతుకులన్నీ కింది నుంచి కూడా అతికి, తిరిగి తెస్తామని చెప్పాను. ఈసారి గురుబారి నా మాట నమ్మింది. నమ్మాకే అసలు ప్రశ్న అడిగింది.

"అందాకా?"

వానలు మొదలవబోతున్నాయి. సుక్రికి నెలలు నిండాయి. నేను ఒక దారి చెప్పాను. ఇప్పుడే మా జీపులో అరకు తీసుకెళ్తాను, ఆస్పత్రి దగ్గర ఉంచుతాను, కాన్పయ్యాక దింపుతాను అన్నాను. సుక్రి లేచి నిలబడింది, వెళ్దామనే ఉంది దానికి.

గురుబారి దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆ కంపినీ జీపులోనా? మా గుంటని మీకాడ పెట్టుకుని, కొండ కాయితం మీద ఏలుముద్ర ఎయ్యమంటే నానేటి సెయ్యాల?"

"అది కంపెనీ జీపు కాదప్పా, మాది."

"రేకు ఆళ్ళది, జీపు నీదా?"

చెడ్డ అతుకుని చూపించి నేనే ఆవిడకి నేర్పాను, పైకి నున్నగా ఉన్నదాన్ని నమ్మొద్దని. ఇప్పుడు ఈ ఒక్కటి నమ్మమంటే ఎలా నమ్ముతుంది? జీపుని కోసి, వంచి చూపించలేను కదా. బతిమాలాను. చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. దోనెలు అవతలి గట్టుకి వెళ్ళిపోయాయి.

వైజాగులో పని పూర్తవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అప్పలనాయుడు కంపెనీ రేకులోంచే, అందులోనూ గీతలున్న చోటి నుంచే, పరీక్ష ముక్కలు కోసి తెచ్చాడు. అన్నీ వంచి చూశాను. కాని ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడింది. వానలు తగ్గేదాకా లారీ కదల్లేదు.

మళ్ళీ రేవు దగ్గర

ఈసారి మైకు లేదు, దండలు లేవు. రంగనాయకులు గారు రాలేదు. ఆయన మీద నాకు కోపం పోలేదు గాని, ఆ తర్వాత ఆయన ఏ కాగితమైనా నేను చూశాకే సంతకం పెట్టేవారు. ఆ మాట కూడా రాయకపోతే అన్యాయం.

గురుబారి రేవులో నిలబడి ఉంది. చంకలో గుడ్డలో చుట్టిన పసివాడు.

"సుక్రి ఏదప్పా?" అన్నాను.

ఆవిడ పసివాడి తల మీద గుడ్డ సర్దింది.

"వాన. గాలి. దోనెలో కాళ్ళు ముడుసుకుని కూకోలేకపోయింది. గాలి తగ్గీదాకా ఆ గట్టు మీదే ఉంచినాం. అక్కడే ఈడు పుట్టినాడు. నెత్తురు ఆగలేదు. ఈ గట్టుకి తెచ్చీసరికి లేదు."

నా వెనక అప్పలనాయుడు పడవ తాడు విప్పడం ఆపేశాడు.

"ఆ పడవ ఎక్కుంటే ఏదో ఒకనాడు అందరం పోయీవోళ్ళం" అంది గురుబారి. "నువ్వు నిజమే సెప్పినావు. నా కోడలు ఒక్కత్తే పోయింది."

అందులో నింద ఉందా, ఊరట ఉందా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసింది ఇంకొకటి ఉంది, అది ఆవిడకి చెప్పలేదు. చెడిన అతుకు సాధారణంగా మొదటిసారే విడిపోదు. ఎన్నోసార్లు బరువు మోసి, కొంచెం కొంచెంగా తెరుచుకుని, ఒకరోజు పోతుంది. ఆ గాలిలో ఒక్కసారికి, ఒక చూలాలిని, ఇద్దరు ముగ్గురిని అవతలి నుంచి ఇవతలికి ఆ పడవ మోసేదేమో. మోసేది కాదేమో. దుర్ఘటన ఆపినవాళ్ళకి ఆ దుర్ఘటన కనబడదు, ఆపినందుకు జరిగినది మాత్రం కళ్ళెదుట ఉంటుంది. మీకు నేర్పడానికి దీనికి విరుగుడు నా దగ్గర లేదు. మళ్ళీ ఆ రేవులో నిలబడినా ఎక్కొద్దనే చెబుతాను. చెప్పి, సుక్రి కోసం ఏడుస్తాను.

పడవని దుంగల మీదకి దించారు. గురుబారి దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు బాగుందా?"

"బాగుందప్పా. కోశాం, వంచి చూశాం. విరగలేదు."

"నువ్వు సూసినావా?"

"నేనే చూశాను."

ఆవిడ పసివాడిని ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది. "ఇంకోపాలి సూడు" అంది.

బురదలో మోకాళ్ళ మీద కూర్చుని పడవ కిందికి దూరాను. ఒక్కొక్క అతుకు మీదా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, వేలు పెట్టి చూశాను. ఆవిడ కూడా పక్కన కూర్చుని, నా వేలు ఎక్కడ ఉంటే అక్కడ చూసింది. నేను బయటికి వచ్చి బాగుందని మళ్ళీ చెప్పాక, పడవని నీళ్ళలోకి తోశారు. ఆవిడ మనవడిని ఎత్తుకుని పడవెక్కింది.